బరిసాలు నావ ఆత్మకథ

నదులే వీథులుగా గల దేశమున బుట్టినదానను. తూర్పువంగమందలి బాకర్‌గంజ్ మండలమున, బరిసాలు పట్టణమునకు దిగువ, మేఘనానది శాఖోపశాఖలుగా జీలి సముద్రమున గలియు తావున, సాలవృక్షపు పలకలతో నన్ను నిర్మించి, గాబుకాయల రసమును నా దేహమునకు బట్టించి, తొలకరి వరదతో నీటికి విడిచిరి. నా యజమానిని ఎల్లరును మాఝీ యని పిలిచెడివారు. ఆమన్ వరికోతలు ముగిసిన పిదప ధాన్యమును, తక్కిన దినములందు కుమ్మరుల మట్టిని, కుండలను, అత్తవారింటి కేగు పెండ్లికూతులను, నదీముఖమందలి లంకలకు సేద్యమునకై తరలు రైతులను, వారి నాగళ్లతోగూడ మోయుచుంటిని. ఒక సంతలో బియ్యము ప్రియమైనదని వినినంతనే, చవుకగా దొరకు సంతనుండి మేము బారులు దీరి బియ్యమును జేర్చుటచే ఆ ధర దానంతట దిగుచుండెను; ఇందుకై జమీందారుగాని కలెక్టరుగాని ఆజ్ఞాపత్రము వ్రాయవలసిన పని లేకుండెను.

1942 మార్చి 8వ తేదీన జపాను సేనలు రంగూనును జయించెను. చదువరులారా, ఆ నగరము మీకు క్రొత్తది గాదు. మీ కోరంగి తీరమునుండి వలసపోయిన తెలుగుకూలీలు అక్కడి బియ్యపుమిల్లులలో చెమటోడ్చినవారే. ఏటేట లక్షలకొలది టన్నులుగా భారతదేశమునకు దిగుమతి యగుచుండిన బర్మాబియ్యము దానితో నిలిచిపోయెను. ఇది శత్రువు చేసిన నిరోధము. తరువాతి నిరోధమును మా ప్రభుత్వమే చేసెను.

శత్రువు సముద్రముమీదుగా దిగినచో వాని చేతికి వాహనముగాని వరిగింజగాని చిక్కరాదని తలచి, తీరమండలములలోని మిగులు ధాన్యమును గొని తరలించుటయేగాక, పదిమందిని మోయజాలు ప్రతి పడవను స్వాధీనము చేసికొనుటకును, వీలుగానిచో ధ్వంసము చేయుటకును దొరతనమువారు ఆజ్ఞాపించిరి. తూర్పువంగవాసులకు పడవను దీసివేయుట ప్రాణావయవములను ఛేదించుటయే యని గాంధీమహాత్ముడు 'హరిజన్' పత్రికలో వ్రాసెనుగాని, ఆ మాట నాలకించినవారు లేరైరి. లెక్కకెక్కిన 66,563 పడవలలో సుమారు 46,000 ఈ విధముగ యజమానులను బాసెను. మాఝీకి పరిహారముగా గొంత పైకమిచ్చిరి; ఆ పైకమున్నంతకాలము బియ్యము గొనవచ్చును, బియ్యమును దెచ్చు పడవను మాత్రము గొనరాదు.

నన్నొక రేవున వందలకొలది తోడినావలతో గుంపుగా గట్టివైచిరి. పడవకు యుద్ధముకంటె ఎండ ప్రమాదకరము. ఏటేట పూత పూయనిచో పలకలు బీటలువారును, బీటలలో నీరు చేరి అడుగు కుళ్లును. ఈ సంగతి మాఝీ కొడుకెరుగునుగాని కాగితములపై సంతకములు చేసినవారెరుగరు.

నేనట్లు కుళ్లుచుండగనే, 1942 అక్టోబరు 16న మిద్నపురమున పెనుతుపాను చెలరేగి చేలను ముంచెను. ఆమన్ పైరును తెగులు తినెను. పొరుగు రాష్ట్రములు తమ ధాన్యమును ఎల్ల దాటనీయవయ్యెను. వర్తకులు కొట్లు మూసిరి. కోరినన్ని ధాన్యపునౌకలను పంపుటకు లండనులోని మంత్రిమండలి సమ్మతింపదయ్యెను. కావున 1943లో వంగమును బట్టిన క్షామమంతయు పడవల లేమిచేతనే వచ్చెననుట అతిశయోక్తి. అయినను, కలకత్తాలో 1942 చివర మణుగు 13, 14 రూపాయలుండిన బియ్యము 1943 మే నాటికి 30 దాటినపుడు, ఒక సంత ధరను మరియొక సంత బియ్యముతో దింపుటకు మా తీరమున నెవ్వరు మిగిలిరి? వలయుండియు జాలరి నడినీటికి బోలేడయ్యెను. విత్తువాడు చేరలేక లంకపొలము బీడయ్యెను. 1943 అక్టోబరులో వైస్రాయి పదవికి వచ్చిన వేవెల్ ప్రభువు సైన్యముచే పల్లెలకు ధాన్యమును మోయింపసాగెను. అప్పటికి మాఝీ యింట పొయ్యి వెలిగించువారు లేరు.

1945లో క్షామవిచారణసంఘమువారు మృతులను 15 లక్షలుగా గణించిరి. పిదపటి పండితులు కొందరు 30 లక్షలవరకు జెప్పుచున్నారు. ఏ శత్రువునకు దక్కరాదని నన్ను గట్టివైచిరో ఆ శత్రువు మేఘనాముఖమున నెన్నడును దిగలేదు. 1944లో వచ్చినదియు ఇంఫాలు, కొహిమా కొండత్రోవలనే.