సెట్టు మాస్టారు

ప్రతి ఊళ్ళోనూ ఒక రిటైర్డు ఇంగ్లీషు మాస్టారుంటారు. పెన్షనుంటుంది, ఓపికుంటుంది, ఎదురుగా బెంచీలే ఉండవు. దాంతో ఊరంతా ఆయనకు క్లాసే. మా మాస్టారిని పట్టుకున్నది ‘సెట్’ అనే క్రియ.

పొద్దున్నే హోటల్లో సర్వరు “మాస్టారూ, సెట్ దోసె చెప్పనా?” అంటాడు. దోసె కన్నా ముందు పాఠం వస్తుంది.

“ఒరేయ్ అబ్బాయ్, నీ దోసెలో సెట్ నామవాచకం. ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టావే, అది క్రియ. సూర్యుడు అస్తమిస్తే సెట్, గడియారం సరిచేస్తే సెట్, పెరుగు తోడుకుంటే సెట్. భూతకాలంలోనూ సెట్టే!”

“మరి ఎంసెట్టో?” అన్నాడు వాడు అమాయకంగా.

“అది ‘సి’తో మొదలయ్యే సెట్టురా!” అని మాస్టారు కేకేసేసరికి పక్కబల్ల వాళ్ళ కాఫీ తొణికింది.

ఇంటి ముందు అరుగు పోసిన మేస్త్రీ “తొక్కకండి బాబూ, ఇంకా సెట్ అవలేదు” అన్నప్పుడు మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. ఊరు మొత్తమ్మీద ఆ మాటను సరిగ్గా వాడినవాడు వాడొక్కడేనట. ఆ సంబరంలో అరుగెక్కి మరీ మేస్త్రీ భుజం తట్టారు. ఆయన చెప్పుల అచ్చు అక్కడ ఇప్పటికీ ఉంది.

ఓసారి పెళ్ళిచూపుల్లో అమ్మాయి మేనత్త “సంబంధం సెట్ అయినట్టేనా అన్నయ్యగారూ?” అంది.

“సెట్ కాదమ్మా, సెటిల్. అయినా రెండూ చుట్టాలేలే. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. సెటిల్ అన్నదేమో పాత ఇంగ్లీషులో కూర్చునే పీటకున్న మాటలోంచి పుట్టింది.”

మగపెళ్ళివారి పెద్దాయన విసుగ్గా లేవబోయాడు. “కూర్చోండి బావగారూ, ఇంకా అప్‌సెట్ దాకా రాలేదు” అన్నారు మాస్టారు.

ఆయన చెప్పేదాంట్లో తప్పేమీ ఉండదు, అదే వచ్చిన చిక్కు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగు పద్దు ఈ క్రియదే. 430 అర్థాలు. ఆ అంకె చెప్పేటప్పుడు మాస్టారు కండువా సవరించుకుంటారు. మన కుర్రాళ్ళు “ఈ ఉద్యోగం నాకు సెట్ కాదు” అంటారే, ఆ వాడుకను మాత్రం ససేమిరా ఒప్పుకోరు. నన్నడిగితే అది 431వ అర్థం. నిఘంటువులో ఎక్కినా ఎక్కకపోయినా మనది.

మీ వీధిలోనూ ఇలాంటి మాస్టారుంటే ఒక్క మనవి. ఆ నిఘంటువును తిరగరాస్తున్నవారు ‘రన్’ అనే క్రియకు 645 అర్థాలు తేల్చారు. సెట్ వెనకబడిపోయింది. ఈ కబురు మా మాస్టారికింకా చేరలేదు. దయచేసి మీరు చెప్పకండి.