తాతగారి గడి, వకీలు ఉత్తరం

భయానక కథలాట మొదలుపెట్టే పద్ధతి ఒకటి ప్రపంచమంతటా ఖాయమైపోయింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేస్తూ ముందుకు పోతారు. కాలం ఎప్పుడూ 1920లే. మొదటి ఘట్టంలో వకీలు దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది: మీరెన్నడూ చూడని తాతగారు కాలం చేశారు, ఊరవతలి బంగళా మీ పేర రాశారు, వచ్చి తాళాలు తీసుకోండి. 1981లో ఖేయోసియం సంస్థ తెచ్చిన ‘కాల్ ఆఫ్ కథుల్హు’ ఆట ఆడేవారికి ఈ ఉత్తరం కంఠతా వచ్చు. ఆ ఆటకు మూలమైన 1928 నాటి లవ్‌క్రాఫ్ట్ కథలోనూ కథకుడు తాత వరసయ్యే ఒక ప్రొఫెసరు వదిలిన కాగితాలకు వారసుడే. షెర్లాక్ హోమ్స్ నవలలో బాస్కర్‌విల్ వంశానికి కుక్కతో సహా ఆస్తి సంక్రమించింది అంతకంటే ముందే. ఇంగ్లండులో, అమెరికాలో ఆస్తులు అలా ఆకాశంలోంచి ఊడిపడతాయేమో, మనకెందుకు! కానీ అదే సరుకును దింపుకుని, బంగళా కొట్టేసి గడి అని రాసి, బోస్టన్ స్థానంలో జగిత్యాల పెడితే నిజాం కాలపు తెలంగాణ భయానకం తయారైపోతుందనే నమ్మకం ఉందే, దానితోనే పేచీ. మన సినిమాకూ ఈ నమ్మకం కొత్త కాదు. ‘అరుంధతి’ (2009)లో గద్వాల సంస్థానపు కోట అందరికీ గుర్తే.

మొదట ఆ ఉత్తరం సంగతి చూద్దాం. నిజాం ఇలాకాలో కచేరీ భాష ఉర్దూ, లెక్క ఫసలీ సంవత్సరాల్లో. దొర పోయాడంటే వారసుడెవరో తెలియక వకీలు ఊరూరా గాలించే పరిస్థితి రావాలంటే ముందు దాయాదులంతా ఒక్క రాత్రిలో మాయమవ్వాలి. దశదినకర్మ ముగియకముందే విరాసత్ తగాదా మొదలవుతుంది. పిల్లల్లేని దొర అయితే దత్తత చెల్లుతుందా చెల్లదా అన్న వ్యాజ్యం హైదరాబాదు దాకా పోతుంది. పట్వారీకి అంతా తెలుసు, ఎందుకంటే ఆయన పదవి కూడా వారసత్వమే. పటేల్, పట్వారీ వతన్లు తండ్రి నుంచి కొడుక్కి నడిచి, 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఊరి దస్తావేజులు ఆ ఇళ్లలోనే అటక మీద ఉండేవి. ఇంత పకడ్బందీ ఏర్పాటులో అజ్ఞాత వారసుడికి సందెక్కడిది? ఇక పొగమంచు లేనిదే ఈ కథలు నడవవు. రోహిణి కార్తెలో రామగుండం ఎండకు దెయ్యమే నీడ వెతుక్కుంటుంది.

అయితే ఈ నేల మీద అంతుచిక్కని వారసత్వం లేదా అంటే, ఉంది. గడి లోపలి వాళ్లకు కాదు, గడి వాకిట్లో జీతముండే వాళ్లకు. దాని పేరు భగేలా. పెండ్లికో కరువుకో తండ్రి గడిలో అప్పు తెస్తాడు. తీరేదాకా జీతముంటానని కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూడండి. పైన ఫసలీ సంవత్సరం, దాని కింద హాలీ సిక్కా రూపాయల లెక్క. అట్టడుగున నిశాని, అరిగిపోయిన బొటనవేలి గుర్తు, గీతలు కూడా సరిగా పడవు. పక్కనే రాసినవాడి పేరు, బఖలం ఫలానా. ఏ లిపిలో రాసినా వేలు ఒత్తినవాడికి ఒకటే. తండ్రి పోతాడు, అప్పు పోదు. కొడుకు అదే కొట్టంలో అదే పలుపు పట్టుకుంటాడు. ఎంత మిగిలిందని అడిగితే మునీము ఖాతా తిరగేసి చెప్తాడు, అది ఎప్పుడూ పోయినేటి కంటే ఎక్కువే. లవ్‌క్రాఫ్ట్ ఆటలో నిషిద్ధ గ్రంథం చదివినవాడికి మతి పోతుంది. ఇక్కడ ఆ గ్రంథాన్ని చదవలేనివాడికి బతుకే పోతుంది. ఇదేదో కవి అతిశయోక్తి అనుకోవద్దు. 1936లో నిజాం సర్కారే భగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ చట్టం తేవలసి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత, 1976లో, దేశంలో వెట్టిచాకిరిని రద్దు చేసిన చట్టం కూడా రద్దవుతున్న వాటి జాబితాలో భగేలాను పేరుపెట్టి రాసుకుంది. వారసత్వంగా సంక్రమించిన బాధ్యత కింద చేసే చాకిరి కూడా వెట్టే అని విడిగా చెప్పుకుంది. వకీలు ఉత్తరాలు రాసేవాళ్లు ఈ ఒక్క చట్టం చదివినా ఆటకు కావలసిన ఉత్తరం దొరికేది.

ఆదిలాబాద్ వైపు పోతే వారసత్వం తిరగబడుతుంది. తాతలు కొట్టుకున్న పోడు, తండ్రి దున్నిన చేను, కొడుకు నాగలి కట్టేసరికి మరొకరి పేర పట్టా. లేదంటే రిజర్వు అడవి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ ప్రాణం పోయింది ఈ తగాదాలోనే. తర్వాత వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోండుల చేలకు బయటివాళ్లు పట్టాలు చేయించుకున్న తీరును పుస్తకాలకెక్కించాడు. 1970ల భూపరిమితి చట్టం తెచ్చిన చోద్యం మరొకటుంది. మిగులు భూమి దాచుకోవడానికి ఆసాములు పాలేర్ల పేర్ల మీదికి బదలాయించారు. పొద్దున పేడ ఎత్తేవాడు కాగితం మీద మోతుబరి, ఆ సంగతి అతనికే తెలియదు! తెలియని ఆస్తికి తెలియని వారసుడు కావాలంటే ఇంతకన్నా దివ్యమైన ఉదాహరణ ఏ లండన్ వకీలూ పంపలేడు.

ఇది ఆట, చరిత్ర పాఠం కాదు కదా, గడి శిథిలాల్లో ఏదో ఉందన్న భయం చాలదా అని అడగవచ్చు. చాలదు, ఆ శిథిలం అబద్ధం చెప్తోంది కాబట్టి. అప్పటి కరీంనగర్ జిల్లాలో గడులు ఎందుకు పాడుబడ్డాయి? శాపం తగిలి కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి చేయబోమన్నారు, దండుగలుగా గుంజిన డబ్బు వాపసు అడిగారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. దొరల్లో చాలామంది తాళాలేసుకుని పట్నం చేరారు. కొన్ని గడుల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి, కొన్ని గోడల మీద మర్రి మొలిచింది. మనుషులు తెగించి ఖాళీ చేయించిన ఇంటికి దెయ్యాన్ని కాపురం పెడితే ఆ తెగింపు కథలోంచి ఎగిరిపోతుంది, దొరగారు మాత్రం విషాద నాయకుడైపోతాడు. పాపం, ఆయన వంశానికి ఏదో పీడ తగిలిందట!

భానామతి ఉంది కదా, అది మన నేలదే కదా అనేవాళ్లు ఇంకొందరు. ఉంది. చేతబడి చేశారని పళ్లు రాలగొట్టడాలూ, ప్రాణం తీయడాలూ ఉత్తర తెలంగాణ పల్లెల్లో జరిగాయి. ఆ నింద ఎవరి మీద పడింది? ఊరి చివరి గుడిసె మీద, ఒంటరి ముసలమ్మ మీద. దాన్ని ఆటలో మసాలాగా చల్లేవాళ్లు ఆ ముసలమ్మను రెండోసారి చెట్టుకు కట్టేస్తున్నారు, ఈసారి పాచికలు వేసి మరీ.

వెట్టి బతుకులను వినోదం చేయడం తప్పు కదా అన్న ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ గడి దర్వాజా, కందీళ్లు, ఏనుగు దంతాల అలంకారం వాడుకోవడానికి లేని సంకోచం గడిలో కసువు ఊడ్చినవాళ్ల దగ్గర మాత్రమే ఎందుకు పుట్టుకొస్తోంది? దొరసాని పట్టుచీర నేపథ్యానికి పనికొచ్చి, ఆమె కాపురానికి వస్తూ అరణంగా తెచ్చిన దాసి, ఆ ఆడబాప, మాత్రం సున్నితమైన విషయమైపోతుందా? ఇద్దరినీ వదిలేయండి, లేదా ఇద్దరినీ రానివ్వండి.

ఏ బలమూ లేని జీతగాడి పాత్ర ఎవరాడతారు, విసుగు పుట్టదా అంటే, లవ్‌క్రాఫ్ట్ ఆటలో గెలిచిందెవరు? పాత్రలు పిచ్చెక్కి, చచ్చి, ఓడిపోవడమే ఆ ఆటకు రుచి. పైగా ఆ ఆటలో ప్రతి పాత్రకూ పరపతి అని ఒక అంకె ఉంటుంది. జీతగాడికి సున్నా రాస్తే సరి, లెక్క సులువు. ఇలాంటి ఆటలు నడిపేవాళ్లను వేధించే చిక్కు మరొకటుంది: పాత్ర నడుమనే చస్తే కొత్త పాత్రను ఏ సాకుతో కథలోకి తేవాలి? భగేలాతో ఆ తిప్పలే లేవు. కొత్త కాగితం అక్కర్లేదు, పైన పేరు కొట్టేసి కొడుకు పేరు రాయాలి. కింద అప్పు అంకె అలాగే ఉంచి, ఏటేటా పాచిక వేసి వడ్డీ కలపాలి. ఆ పాచిక మాత్రం ఆటగాడి చేతికివ్వకూడదు. మునీము వేస్తాడు, ఎంత పడిందో ఆయనే చెప్తాడు.