కాస్త పక్కకు: ఒక పాపప్ ఆత్మకథ

నేనొక పాపప్‌ని. కృష్ణా తీరంలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో ఉంటాను. కిల్న్ (సిమెంటు బట్టీ) ఆపరేటర్ తన తెర మీద ఫ్యాను బొమ్మను నొక్కితే తెరుచుకునే చిన్న విండోని నేనే. ఆటో, మాన్యువల్, స్టార్ట్, స్టాప్, ట్రిప్ రీసెట్, స్పీడ్ సెట్‌పాయింట్ అన్నీ నా ఒంటి మీదే ఉంటాయి. ఇక్కడివాళ్లు నన్ను ఫేస్‌ప్లేట్ అంటారు.

నాకంటూ సొంత ఫ్యాను లేదు. ఇంజినీరు నన్ను ఒక్కసారే గీశాడు. ఐడీ ఫ్యాన్‌ను నొక్కితే దాని ట్యాగులు (దాని విలువలకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పేర్లు), కూలర్ ఫ్యాన్‌ను నొక్కితే దాని ట్యాగులు నాలోకి వచ్చి చేరతాయి. పరకాయ ప్రవేశం లాంటిదే, కాకపోతే ఇక్కడ శరీరం ఒక్కటే, మారేది ప్రాణం. దీనివల్ల ఫ్యానుకో విండో గీసే శ్రమ తప్పింది. కానీ ఏ ఫ్యాను కోసం పిలిచినా నేను తెర నడిమధ్యనే తెరుచుకునేదాన్ని. గీసిన రోజున నాకు రాసిపెట్టిన చోటు అదే.

ఆ నడిమధ్యన ప్రీహీటర్ టవర్ బొమ్మ ఉండేది. దాని పక్కనే కిల్న్ ఇన్‌లెట్ ఆక్సిజన్, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకెలు. కిల్న్‌లో బొగ్గు పూర్తిగా కాలాలంటే గాలి చాలాలి, ఆ గాలిని లాగేది ఐడీ ఫ్యాన్. గాలి చాలకపోతే బొగ్గు సగమే కాలి సీఓ పుడుతుంది. అది మండే వాయువు. ధూళిని పట్టే ఈఎస్‌పీలో నిప్పురవ్వలు లేస్తుంటాయి కాబట్టి, సీఓ హద్దు దాటితే ఈఎస్‌పీ దానంతటదే ట్రిప్ అవుతుంది. ఇక ధూళంతా చిమ్నీ నుంచి బయటికే. అందుకే ఫ్యాను స్పీడ్ మార్చే మనిషి కళ్లు నా మీద కాదు, ఆ రెండు అంకెల మీద ఉండాలి. నేనేమో సరిగ్గా వాటిని కప్పుతూ తెరుచుకునేదాన్ని.

"సార్, ఇది ఎప్పుడు తెరిచినా ఆక్సిజన్ మీదికే వస్తున్నది. ముందు దీన్ని పక్కకు జరపాలె, ఆ తర్వాత స్పీడ్ పెంచాలె. అప్పటిదాంక సీఓ ఆగుతదా?" అని ఒక ఆపరేటర్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరును అడిగాడు. కంట్రోల్ రూములో నా గురించి విన్న మాటల్లో ఇంతకంటే న్యాయమైనది లేదు.

ఒక వస్తువు మరో వస్తువును కప్పేయడం చిన్న సంగతి కాదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో అత్యవసర ఫీడ్‌వాటర్ వాల్వులు మూసి ఉన్నాయి. ఆ సంగతి చెప్పే దీపాల్లో ఒకదాని మీద పసుపురంగు మెయింటెనెన్స్ ట్యాగు వేలాడుతోంది. వాల్వులు మూసి ఉన్నాయని తెలిసేసరికి ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఆ ప్రమాదానికి అసలు కారణం తెరుచుకుని మళ్లీ మూసుకోని వేరే వాల్వు, నిజమే. అయినా ఆ ట్యాగు సంగతి నాకు పరాయిదిగా అనిపించదు. పని కోసం తగిలించిన కాగితం, చూడాల్సిన దీపానికి అడ్డమైంది.

ఇంజినీరు నా చోటు మార్చడానికి కూర్చున్నాడు. తెర మీద కొలత ఎడమ పైమూలలో సున్నాతో మొదలవుతుంది. ఎక్స్ కుడివైపుకు పెరుగుతుంది, వై కిందికి పెరుగుతుంది. మా ఇన్‌టచ్ సాఫ్ట్‌వేర్‌లో, నొక్కిన బొమ్మ మధ్యబిందువు ఎక్కడుందో చెప్పే సిస్టమ్ ట్యాగులు రెండున్నాయి: ఆబ్జ్‌హార్, ఆబ్జ్‌వెర్. వాటిని షోఎట్ అనే ఫంక్షన్‌కు ఇస్తే నా నడుము ఆ బిందువు మీదికి వస్తుంది. అంటే నొక్కిన ఫ్యానునే కప్పేస్తాను! షోటాప్‌లెఫ్ట్‌ఎట్ వాడితే నా ఎడమ పైమూల ఆ బిందువు దగ్గరికి వస్తుంది. అతను రెండోదే పట్టుకుని, 60 పిక్సెళ్లు ఎడం వదిలి నన్ను తెరిచాడు.

అక్కడితో అయిపోలేదు. తెర 1920 వెడల్పు, 1080 ఎత్తు. నేను 320 వెడల్పు, 460 ఎత్తు. ఎక్స్ 1700 దగ్గరున్న ఫ్యానును నొక్కితే 1760 నుంచి మొదలై 2080 దాకా పోతాను. చివరి 160 పిక్సెళ్లు తెర బయటే. నా మూసివేత బటన్ ఉండేది ఆ భాగంలోనే. అందుకని కుడి సగంలో నొక్కితే ఎడమవైపు తెరవాలని రాశాడు: 1700లోంచి 60, 320 తీసేస్తే 1320. నిలువునా అదే తిప్పలు. వై 900 దగ్గర నొక్కితే కిందికి దిగిపోతాను. 1080లోంచి నా ఎత్తు తీస్తే 620 కదా అనుకోవచ్చు. కానీ అట్టడుగున 80 పిక్సెళ్ల అలారం పట్టీ ఉంది, దాన్ని ఎవరూ కప్పకూడదు. అందుకని 540 దగ్గరే ఆగాలి.

నా తోడబుట్టిన నిర్ధారణ పెట్టె కథ వేరు. "ఫ్యాను ఆపమంటారా?" అని అడిగే పెట్టె అది. దాన్ని ఎక్కడో దూరంగా తెరిస్తే మనిషి వెతుక్కోవాలి. అలాగని మౌస్ బాణం కిందే 'అవును' బటన్ వచ్చేలా తెరిస్తే, రెండుసార్లు నొక్కే అలవాటున్న వేలు రెండో నొక్కుతో ఫ్యానును ఆపేస్తుంది. అడిగినట్టే ఉంటుంది, అడగనట్టే అవుతుంది. అందుకే దాన్ని బటన్ దగ్గరలోనే, బాణం కింద మాత్రం ఖాళీ ఉండేలా పెట్టారు.

ఫ్యాను పక్కనే నిలబడితే చాలదని తర్వాత తేలింది. ఐడీ ఫ్యాన్ పక్కన తెరుచుకుంటే ఈసారి డ్రాఫ్ట్ (ఫ్యాను లాగుడు) అంకె నా కింద పడింది. నిండుగా ఉన్న తెర మీద ఎక్కడ తెరిచినా ఏదో ఒకటి కప్పక తప్పదు. 2015 నాటి ఐఎస్‌ఏ 101 ప్రమాణం తెరలను అంచెలుగా చూస్తుంది: పైన మొత్తం ప్లాంటు, కిందికి పోయేకొద్దీ వివరం. కింది అంచెకు చెందిన నేను పై అంచెను దాచకూడదన్నది నా గట్టి నమ్మకం. చివరికి బొమ్మలన్నీ ఎడమకు జరిపి, కుడి అంచున 320 పిక్సెళ్ల పట్టీని ఫేస్‌ప్లేట్లకే వదిలేశారు. నొక్కిన ఫ్యాను చుట్టూ ఒక గీత వెలుగుతుంది, నేను దేని తరఫున వచ్చానో దాన్ని బట్టి తెలుస్తుంది. దగ్గరితనం కొంత పోయింది, నాకు చింత లేదు. ఆక్సిజన్, సీఓ ఇప్పుడు ఎప్పుడూ కనిపిస్తాయి.

పైన 60 పిక్సెళ్ల శీర్షిక, కింద అలారం పట్టీ పోగా మిగిలింది 940. ఒకదాని కింద ఒకటిగా నాలాంటి ఫేస్‌ప్లేట్లు రెండు పడతాయి. మూడోది తెరిస్తే ముందు తెరిచింది మూసుకుంటుంది. ఐడీ ఫ్యాన్ తెరిచి ఉంచి, బొగ్గు ఫీడరు, కూలర్ ఫ్యాను ఒకదాని తర్వాత ఒకటి చూసుకునే నైట్ షిఫ్టు వాళ్లకు ఇది ఇబ్బందే. మూసుకోకుండా నిలిపి ఉంచే పిన్ బటన్ కావాలని వాళ్లు లాగ్‌బుక్‌లో రాశారు. వచ్చే షట్‌డౌన్‌లో, కిల్న్ ఇటుకలు మార్చే రోజుల్లో పెడతానని ఇంజినీరు దాని కిందే రాసి సంతకం పెట్టాడు.