భూతద్దం బాబాయి గారు

కిరాణా కొట్లో వంద కాగితమిచ్చి, ముప్పై రూపాయల సబ్బు కొని, మిగతా డెబ్బైకీ బిళ్లలే కావాలని పట్టుబట్టే పెద్దమనిషి కనబడితే, గుడి మెట్ల దగ్గర పంచడానికి కాబోలు అనుకోకండి. ఆయన మా వీధి భూతద్దం బాబాయి గారు. ఫోన్‌పేలొచ్చి తన నోట్లో మట్టి కొట్టాయని కుమిలిపోయే రిటైర్డు ఉద్యోగి.

చిల్లర చేతిలో పడితే ఆయన లెక్కపెట్టరు, టంకశాలలో తప్పు పడిన బిళ్ల కోసం వెతుకుతారు. బిళ్లను అంచుల దగ్గర పట్టుకుని పక్కకు తిప్పుతారు. మన బిళ్లల్లో అలా తిప్పినా సింహాలు నిటారుగానే ఉండాలి. తలకిందులయ్యాయా, టంకశాలలో అచ్చు తిరిగిపోయిందన్నమాట. తర్వాత సంవత్సరం కింద గుర్తు చూస్తారు. గుండ్రటి చుక్కయితే నోయిడా, డైమండయితే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. నక్షత్రం కనబడితే మాత్రం ‘మన చర్లపల్లి పిల్ల’ అని మురిసిపోతారు. 1997కు ముందుదైతే పుట్టిల్లు సైఫాబాదని సవరిస్తారు. వెనకాల జనం గొణుగుతుంటారు.

‘‘చెల్లుతుంది లెండి బాబాయి గారూ!’’ అంటాడు కొట్టతను.

‘‘చెల్లుతుందిరా. అదే నా ఖర్మ!’’

ఆదివారమొస్తే ఆయన అరుగే కోర్టు. ఎదురింటావిడ వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ల పట్టుకొస్తుంది.

‘‘ఎంతొస్తుందన్నయ్య గారూ?’’

‘‘ఐదు.’’

‘‘లక్షలా?’’

‘‘రూపాయలమ్మా.’’

ఆటో అబ్బాయి నడుమ భాగం ఊడిన పది రూపాయల బిళ్ల తెస్తాడు. బాబాయి గారు భూతద్దం పెట్టి, లోపలి అంచున సుత్తి దెబ్బలు చూపించి, ‘‘కొట్టేటప్పుడు జరిగితే తప్పు. కొట్టాక జరిగితే దెబ్బ. తప్పుకే ధర, దెబ్బకు లేదు’’ అని తీర్పిస్తారు. పక్కకు జరిగిపోయి అష్టమి చంద్రుడిలా సగమే ముద్ర పడిన బిళ్లలోనూ, సంవత్సరం కనబడేదానికే ఎక్కువ గిరాకీ అట.

ఆయన దగ్గర నికార్సయిన తప్పు బిళ్ల ఒక్కటుంది. ముందు కొట్టిన బిళ్ల అచ్చుకే అంటుకుపోతే, తర్వాతిదాని మీద అదే బొమ్మ గుంటగా, అద్దంలోలా తిరగబడి పడుతుంది. దాన్ని బ్రోకేజ్ అంటారు. చూపిస్తారు గానీ ముట్టుకోనివ్వరు. ఓ దసరాకు పిన్ని గారు ఇత్తడి సామానుతో పాటు ఆయన సీసాలో దాచుకున్న మిగతా బిళ్లలన్నిటికీ చింతపండు పెట్టి తళతళా తోమేశారు. తోమిన నాణెం విలువ సగం కాలవలో కలిసినట్టే. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. ఆవిడ మాత్రం ‘‘మెరుస్తున్నాయి కదండీ’’ అని ఇప్పటికీ అమాయకంగా అంటుంటారు.

ఊరందరి బిళ్లలకూ ఇంత కరాఖండిగా ధర కట్టే మనిషి, తన బ్రోకేజ్ ధర మాత్రం ఏటా పెంచుతూ పోతారు. కొనేవాడెవరని అడిగితే, ‘‘అమ్మితే కదా!’’ అంటారు. ఎగ్జిబిషన్‌లో ఓ వ్యాపారి మంచి ధరే ఇస్తానన్నాడు. ‘‘వాడికి కళ్లు లేవు’’ అని తిరిగొచ్చేశారు. ఆయన దాన్ని అమ్మరు. పిన్ని గారికి తప్ప అందరికీ ఈ సంగతి అనుమానమే.

పాత బిళ్లలకు లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. తన పేరు చెప్పి అలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. మీ చిల్లరలో నిజంగానే వంకర బిళ్ల తగిలితే, తోమకుండా మా వీధికి తీసుకురండి. బాబాయి గారు దాని ధర పైసాతో సహా చెబుతారు, కాఫీ కూడా ఇప్పిస్తారు. ఆయన బిళ్ల ధర మాత్రం అడక్కండి.