సెన్సార్ పోయింది సార్: టీకాతాత్పర్య సహితం

అవతారిక. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని ఊరి చివరి రేకుల షెడ్డు దాకా నిత్యపారాయణంలో ఉన్న వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. సందర్భం మాత్రం ఎక్కడైనా ఒకటే. పెట్రోలు బండి జర్కులిస్తుంది, పికప్ ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిలింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. బానెట్ ఎత్తి చూసిన మెకానిక్ చేతులు తుడుచుకుంటూ సెలవిస్తాడు.

మూలం. సెన్సార్ పోయింది సార్, మార్చాలి.

ప్రతిపదార్థం. సెన్సార్ = థ్రాటిల్ బాడీ పక్కన రెండు స్క్రూలతో బిగించి ఉండే, టీపీఎస్ అనబడే చిన్న ప్లాస్టిక్ డబ్బా; పోయింది = పాడైనది (ఇది వివాదాస్పదము, ముందు చూడుడు); సార్ = బిల్లు కట్టబోవువాడా!; మార్చాలి = పాతది తీసి కొత్తది వేయవలెను.

తాత్పర్యం. ఓ వాహనాధిపతీ! నీవు యాక్సిలరేటర్ ఎంత తొక్కితివో ఇంజిన్ కంప్యూటరుకు విన్నవించు ఈ డబ్బా తప్పుడు లెక్కలు చెప్పుచున్నది. అందువలన పెట్రోలు ఎంత వదలవలెనో ఆ కంప్యూటరుకు పాలుపోకున్నది. కావున కొత్తది కొనుమని భావము.

విశేషం. డబ్బాలోపల కర్బన పూత పూసిన ఒక పట్టీ, దాని మీద జరిగే ఒక ముల్లు ఉంటాయి. బయటికి మూడు వైర్లు: కంప్యూటర్ పంపే 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. కాలు తీసేసినప్పుడు సిగ్నల్ వైరులో సుమారు అర వోల్టు నుంచి ఒక వోల్టు లోపు, పూర్తిగా తొక్కితే 4 వోల్టుల పైన ఉండాలి. ఊళ్లో తిరిగే బండికి ముల్లు ఎప్పుడూ పట్టీ మొదటి భాగంలోనే అటూ ఇటూ రాసుకుంటుంది కాబట్టి అరుగుదలా అక్కడే మొదలవుతుంది. హైవే మీద బాగా పోయే బండి ట్రాఫిక్‌లో ఎగిరెగిరి పడడానికి కారణమిదే. కొత్త బండ్లలో ముల్లు లేని అయస్కాంతపు సెన్సార్లు వస్తున్నాయి, వాటికి అరుగుదల బాధ లేదు.

ఆక్షేపం. స్కానర్ పెడితే పీ0122 వచ్చింది. అది టీపీఎస్ కోడే. ఇంకా విచారణ ఎందుకు?

సమాధానం. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మెదక్ సీమలోని కొలిచెలమ మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ప్రకారం పీ0122 కోడుకు అర్థం ఒక్కటే: సిగ్నల్ వోల్టేజీ ఉండాల్సినదాని కన్నా తక్కువగా ఉంది. పీ0123 అంటే ఎక్కువగా ఉందని. పీ0124 అంటే వస్తూ పోతూ ఉందని. సెన్సార్ పోయిందని ఏ కోడూ చెప్పదు. ఎలుక కొరికిన వైరుకూ పీ0122 వస్తుంది. వాన నీళ్లు దిగి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టిన కప్లర్‌కూ వస్తుంది. చాలా బండ్లలో ఆ 5 వోల్టులు మ్యాప్ సెన్సార్ వంటివాటికీ ఉమ్మడి ఆస్తి. అందులో ఏ ఒక్కటి లోపల షార్టయినా టీపీఎస్‌కు రావాల్సిన వాటా పడిపోతుంది. అందుచేత ఈ వాక్యంలోని అలంకారం భ్రాంతిమంతం: వైరును చూసి సెన్సార్ అనుకోవడం.

ప్రమాణం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్నుతో సిగ్నల్ వైరును అందుకోవాలి. మీటరు నల్ల వైరు సెన్సార్ ఎర్త్‌కే కలపాలి. ఒకరు పెడల్‌ను చాలా నెమ్మదిగా తొక్కుతుంటే 0.6, 0.7, 0.8 అని అంకె ఎక్కాలి. 0.8 తర్వాత సున్నాకు పడి, మళ్లీ 1.1 దగ్గర తేలితే పట్టీ అరిగినట్టే. ఇలాంటి క్షణకాలపు జారుడు డిజిటల్ మీటరు కంటబడకపోవచ్చు. పాత ముల్లు మీటరు గాని, ఆసిలోస్కోప్ గాని పట్టేస్తుంది. అంకె సాఫీగా ఎక్కినా వదలకుండా, వైరింగును చేత్తో కదిపి చూడాలి. కదిపినప్పుడే అంకె చెదిరితే దోషి డబ్బాలో లేడు.

పీ0122 ఉన్నప్పుడు ఇంకో ప్రమాణం ఉంది. ఈ మూడు వైర్ల రకంలో కప్లర్ ఊడదీసి, 5 వోల్టుల పిన్నునూ సిగ్నల్ పిన్నునూ చిన్న వైరుతో కలపాలి. స్కానర్‌లో 5కు దగ్గరి అంకె కనిపిస్తే వైరింగూ కంప్యూటరూ నిర్దోషులు. అప్పుడు ‘పోయింది’ అన్న క్రియకు సెన్సారే కర్త. కనిపించకపోతే కొత్త సెన్సార్ వేసినా చెక్ లైటు ఆరదు.

పాఠాంతరం. ‘మసి పట్టింది సార్, కడగాలి’ అని కొన్ని షెడ్లలో వినిపిస్తుంది. ఈ పాఠమూ గ్రాహ్యమే. థ్రాటిల్ ప్లేటు అంచున మసి పేరుకుంటే గాలి దారి ఇరుకై ఐడిలింగ్ అచ్చం అలాగే తడబడుతుంది. అయితే కడిగాక చాలా బండ్లకు స్కానర్‌తో ఐడిల్ మళ్లీ నేర్పించాలి.

అనుబంధం. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో సెన్సార్లు రెండు. సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రెండు కథలు చెబితే, ఇక్కడ రెండు సిగ్నళ్లు కలిసి ఒకే కథ చెప్పాలి. పొంతన కుదరకపోతే పీ2135 కోడు వస్తుంది, ఇంజిన్ శక్తి తగ్గించుకుని బండి ఈడ్చుకుంటూ పోతుంది. ఇలాంటి బండ్లలో చాలావాటికి సెన్సార్ విడిగా దొరకదు, థ్రాటిల్ బాడీ మొత్తం కొనాల్సిందే. కాబట్టి ఆ సందర్భంలో మూలంలోని ‘సెన్సార్’ అన్న చోట ‘బాడీ’ అని చదువుకోవాలి. మిగతా మూడు పదాలు, ‘సార్’తో సహా, యథాతథం.