మిషన్ కొన్నాక ఇంకా మాట్లాడటం దేనికి?

సాంచెల (మరమగ్గాల) పనికని తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, లింబాయత్ చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు మనవి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో గుజరాతీ. కార్పొరేషన్ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారు. ఇలాంటి ఇంట్లో చెవులు వినపడని పాప పుడితే ఏం చేయాలి? కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించండి. పాపకు ఏ భాషా రాకుండా చూసే పూచీ మాది.

1. ముందు ఆగండి. పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని డాక్టర్లు 1-3-6 లెక్క చెబుతారు. ఆ నెలల్ని ఏళ్లుగా చదువుకోండి. ‘దాని మేనమామక్కూడా ఆలస్యంగానే మాటలొచ్చినయి’ అని అత్తమ్మ అన్నాక వినికిడిని తేల్చే బేరా పరీక్ష ఎందుకు, డబ్బు దండగ!

2. వినికిడి మిషన్ పెట్టించి మరిచిపోండి. పిల్ల పెరుగుతుంటే చెవీ పెరుగుతుంది, చెవిలో పెట్టే పాత మోల్డ్ వదులై కీచుమని కూస్తుంది. కొత్త మోల్డ్ తీయించకుండా సౌండ్ తగ్గించేయండి, కూత ఆగుతుంది. పాపకు వినపడటమూ ఆగుతుంది, అది వేరే విషయం. సూరత్ వానాకాలం తేమకు మిషన్‌ను రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టమంటారు. కిటికీలో పెట్టండి, గాలి తగులుతుంది.

3. హోంవర్క్ సాంచెల పక్కనే చేయించండి. అక్కడి మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. మిషన్ నాన్న గొంతునూ పెంచుతుంది, సాంచె చప్పుడునూ పెంచుతుంది. పాప చెవులు మూసుకుని మిషన్ పీకేస్తే మొండిదని తేల్చేయండి.

4. కాక్లియర్ ఇంప్లాంట్ అయితే ఆపరేషన్‌తోనే పని పూర్తయిందనుకోండి. అర్హులైన చిన్నపిల్లలకు కేంద్రం వికలాంగుల కోసం పెట్టిన అడిప్ పథకం కింద చేయిస్తుంది కాబట్టి మన బాధ్యత కూడా కేంద్రానిదే. ఆ తర్వాత ఇంప్లాంట్‌ను పాప వినికిడికి తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్, ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ ఉంటాయి. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు పగారు పోతుంది. పాప భాషా, మన పగారా అన్నప్పుడు శేఠ్ ఏమంటాడో అదే చేయండి.

5. చేతులు కదిలిస్తే మందలించండి. సైగలు చేస్తే మాటలు రావని 1880లో మిలాన్‌లో చెవిటి పిల్లల చదువుల పెద్దలు కూర్చుని తీర్మానించారు, చాలా దేశాల బళ్లలో సైగలు మాన్పించారు. 2010లో వాంకూవర్‌లో సమావేశమై ఆ తీర్మానం తప్పని విచారం వ్యక్తం చేశారు. వాళ్లకే 130 ఏళ్లు పట్టింది, మనకేం తొందర? పాపను పెదవులు చూసి అర్థం చేసుకోమనండి. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. కనుక పాపదే శ్రద్ధ లోపం.

6. చేతికి ఫోన్ ఇచ్చి ఊపిరి పీల్చుకోండి. మాట వింటూ అక్షరాలు చూపే యాప్‌లు తెలుగులోనూ వచ్చాయి. ‘ఆజ్ పగార్ రాలే, శేఠ్ రేపు రమ్మన్నడు’ అనే మన మాటను అది ఏ భాష అనుకుని ఏం రాసినా సరే, చదువుకోమనండి. భాషే తెలియని పిల్ల అక్షరాలు చూసి ఏం చేస్తుందని అడిగేవాళ్లతో వాదించకండి.

7. నోటుబుక్కు చూసి మురిసిపోండి. చేతిరాత ముత్యాలే. ‘ఆవు మనకు ఏమి ఇస్తుంది?’ అని రాసి జవాబు అడిగితే, కింద అంతే అందంగా ‘ఆవు మనకు ఏమి ఇస్తుంది?’ అని రాస్తుంది. పదికి పది వేయించండి. పై తరగతికి పంపించండి.

8. ఊరికే వచ్చేవి ముట్టుకోకండి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో పది వేల పదాల నిఘంటువు విడుదల చేసింది, ప్రతి పదానికీ వీడియో ఉంది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్యలో 31వ ఛానెల్‌ను పూర్తిగా సైగల భాషకే ఇచ్చారు. పాప పక్కన కూర్చుని రోజూ పది పదాలు చూస్తే ఇంటిల్లిపాదికీ వచ్చేస్తాయేమో. అది సీరియల్ టైం.

9. ఉన్న భాషలే చాలనండి. తెలుగు, హిందీ, గుజరాతీ, ఇంగ్లీషు ఉండగా ఇంకొకటి ఎందుకు? కొన్ని పదాలు ఊరూరికీ మారినా, సూరత్‌లో నేర్చిన సైగలతో పాప హైదరాబాద్‌లోనూ చెవిటివాళ్లతో కబుర్లు చెప్పగలదు. ఆ ప్రమాదం ముందే పసిగట్టి, చెవిటి పెద్దవాళ్లున్న చోటికి తీసుకెళ్లకండి. వాళ్లు ఉద్యోగాలు చేస్తూ, పెళ్లిళ్లు చేసుకుని, జోకులేసుకుని నవ్వుకోవడం చూస్తే మీకు లేనిపోని ఆశలు పుడతాయి.

ఇవన్నీ పాటించినా పాప ఒకరోజు కథ చదివి, ‘నక్క ఎందుకు అబద్ధం చెప్పింది?’ అని చేతులతో అడిగిందంటే తప్పు మా సలహాలది కాదు. ఇంట్లో ఎవరో దొంగచాటుగా దానితో మాట్లాడుతున్నారు. అనుమానం ముందుగా అన్నయ్య మీదే. వాడి ఫోన్ లాక్కుని చూడండి, సైగల వీడియోలు దొరుకుతాయి.