మార్కులొస్తే స్టేక్, రాకపోతే బీన్స్

అమెరికాలో చదువుతున్న మా మనవడు ఫ్రెటర్నిటీలో చేరాడు. గ్రీకు అక్షరాల పేరు, అందరికీ కలిపి ఓ ఇల్లు, ఒకరికొకరు 'బ్రదర్'. చేర్చుకోవాలంటే ఇంత జీపీఏ ఉండాలట, చేరాక ఇంతకు తగ్గకూడదట. చదువుల సంగతి చూడ్డానికి 'స్కాలర్‌షిప్ ఛైర్' అని ఓ కుర్రాణ్ణి ఎన్నుకుంటారు. కొత్తవాళ్ళు వారానికిన్ని గంటలు లైబ్రరీలో కూర్చుని, కూర్చున్నట్టు సంతకం పెట్టాలి. చదువుకోవడానికి వెళ్ళినవాడు చదివాడని సాక్ష్యమా!

మా రోజుల్లో, ఉస్మానియా హాస్టల్లో, ఈ ఛైర్లూ టేబుళ్ళూ ఎక్కడివి? పక్కగది సీనియర్ క్లార్క్స్ టేబుల్స్, అదే లాగరిథమ్ పట్టికల పుస్తకం, అడగడానికి వచ్చేవాడు. మంచం మీద పేకముక్కలు కనిపించినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆదివారం మెస్సులో, అందరి ముందూ, "ఏరా, నాన్నగారి మనియార్డరు అందిందా?" అనేవాడు. అంతే, ముద్ద గొంతు దిగేది కాదు.

ఇప్పుడు ఆ పని విందులు చేస్తున్నాయి. కొన్ని ఫ్రెటర్నిటీల్లో సెమిస్టర్ చివర మంచి మార్కులొచ్చినవాళ్ళకి స్టేక్ వడ్డిస్తారు, రానివాళ్ళకి బీన్స్. మావాడా, మాంసం ముట్టడు. ఫస్టొచ్చినా బీన్సే, తప్పినా బీన్సే. ఇక వాడికి భయమెందుకుంటుంది?

అయినా నా సణుగుడు దాని గురించి కాదు. మొదటి సెమిస్టర్లో చేరిన పిల్లాడి చేత చాకిరీ చేయించి, స్థాపకుల పేర్లు బట్టీ పట్టించి, అర్ధరాత్రిదాకా మేలుకోబెట్టేదీ వీళ్ళే. మార్కులు పడిపోయాక లైబ్రరీకి తోలేదీ వీళ్ళే. ఈ గొడవ చూసే కొన్ని యూనివర్సిటీలు మొదటి సెమిస్టర్ అయ్యేదాకా చేరనివ్వవు. చాలాచోట్ల ఫ్రెటర్నిటీల సగటు, మొత్తం మగపిల్లల సగటు పక్కపక్కన వేసి ప్రకటిస్తారు కూడా. అది నాకు నచ్చింది. మా సీనియర్ మనియార్డరు ప్రశ్న లాంటిదే.

పోనీ, ఈ సంఘాలు మొదట్నుంచీ ఇంతేనా అంటే, కాదు. గ్రీకు అక్షరాల సంఘాల్లో మొదటిదిగా చెప్పే ఫై బీటా కప్పా 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. కుర్రాళ్ళు చాటుగా చేరి వ్యాసాలు చదివేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు. ఇప్పుడది బాగా చదివినవాళ్ళకిచ్చే గౌరవం. 1906లో కార్నెల్‌లో పుట్టిన ఆల్ఫా ఫై ఆల్ఫా కథ ఇంకా గొప్పది. అక్కడి నల్లజాతి విద్యార్థులు ఒంటరివాళ్ళు. కొందరైతే ఏడాది తిరిగేసరికి కాలేజీకి మళ్ళీ రానేలేదు. మిగిలినవాళ్ళు కలిసి చదువుకుందామని కూడిన గుంపే తర్వాత ఫ్రెటర్నిటీ అయింది. మార్టిన్ లూథర్ కింగ్ దాని సభ్యుడే. వాళ్ళని కూర్చోబెట్టి ఎవరైనా సంతకాలు పెట్టించారా?

ఇదంతా ఫోన్లో చెబితే మావాడు ఓపిగ్గా విన్నాడు. "మా హౌస్‌లో పాత పరీక్ష పేపర్ల బీరువా ఉంది తాతయ్యా, సీనియర్లు దాచిపెట్టినవి" అన్నాడు. మా హాస్టల్లోనూ సీనియర్ల నోట్సు చేతులు మారేవి, సాంబారు మరకలతో సహా. అది వేరే సంగతి.

వచ్చే నెల వాడికి థర్మోడైనమిక్స్ మిడ్‌టర్మ్. ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోమన్నాను.